ఒకే పోలికతో పుట్టిన అక్కకి లేని తుమ్ములు నాకెందుకు?

పేరు వద్దన్న ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. వయసు 38. ఆమె, ఆమె అక్క కవలలు. ఇద్దరిదీ అచ్చు ఒకే పోలిక, అక్క పన్నెండు నిమిషాలు పెద్దది. ఒకే పల్లెలో, ఒకే పశువుల కొట్టం పక్కన పెరిగారు. అక్క అక్కడే ఉండిపోయింది. ఈమె 24 ఏళ్ళకి పెళ్ళి చేసుకుని ఒక చలిదేశపు నగరానికి వెళ్ళిపోయింది. నాలుగేళ్ళు ఏ ఇబ్బందీ లేదు. ఐదో ఏడు నుంచి ప్రతి వసంతంలోనూ కళ్ళు దురద, ముక్కు కారడం, ఆగకుండా తుమ్ములు. బిర్చ్ చెట్ల పుప్పొడి పడటం లేదని పరీక్షలో తేలింది.

పోయినసారి ఊరెళ్ళినప్పుడు అక్కాచెల్లెళ్ళు సరదాకి ఒకేరోజు రక్తపరీక్షలు చేయించుకున్నారు. గొడవ అక్కడ మొదలైంది. అక్క రిపోర్టులో ఇసినోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) 9 శాతం, మొత్తం ఐజీఈ (అలర్జీలో పాత్ర ఉన్న ఒక యాంటీబాడీ) 1,100. రెండు అంకెల పక్కనా స్టార్ గుర్తు. ఈమెకి ఇసినోఫిల్స్ మామూలుగానే ఉన్నాయి, ఐజీఈ 160. "చూశావా, మీ అక్క ఇల్లు జబ్బుల పుట్ట" అన్నారట భర్త, అక్కకి వినపడేలానే. "జబ్బెవరికో ఆ తుమ్ములే చెబుతున్నాయిగా" అందట అమ్మ. దానికి తోడు, ఊరెళ్ళిన ప్రతిసారీ మొదటి వారం ఈమెకి విరేచనాలు. "పుట్టిన ఊరి నీళ్ళే పడకుండా చేసుకున్నావు ఒంటిని" అని అక్క అన్న మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. అక్కాచెల్లెళ్ళకి ఐదు నెలలుగా మాటల్లేవు.

ఇప్పుడు మూడేళ్ళ పాప ఉంది. పాపకి ఈ అలర్జీ రాకూడదని, ఉద్యోగం మానేసి రెండేళ్ళు పల్లెలో ఉండి పెంచాలని ఈమె ఆలోచన. భర్త ససేమిరా అంటున్నారు. ఆమె అడిగినవి ఇవి: "నా ఇమ్యూనిటీ దెబ్బతిందా? మా ఇద్దరిలో ఆరోగ్యం ఎవరిది? పాపని తీసుకెళ్ళనా, వద్దా?"

మొదటి ప్రశ్నతో ఎక్కువసేపు పని లేదు. దెబ్బతినలేదు. శక్తి తగ్గిన ఒంటికి మాటిమాటికీ న్యుమోనియా వస్తుంది, చిన్న పుండు నెలల తరబడి మానదు, మామూలు సూక్ష్మజీవి కూడా ఆసుపత్రి దాకా లాక్కెళ్తుంది. మీ ఉత్తరంలో అలాంటిదేదీ కనపడలేదు. ఏ హానీ లేని పుప్పొడిని శత్రువనుకుని మీ ఒళ్ళు పోట్లాటకి దిగుతోంది, అంతే. ఇలాంటి ఒంటికి ఇమ్యూనిటీ పెంచుతామని చెప్పే పొడులూ సిరప్‌లూ కొంటున్నానని చివర్లో రాశారు చూడండి, అది మాత్రం ఆపేయండి. నిజంగానే అవి పనిచేసేవైతే మీ తుమ్ములు ఇంకా పెరగాలి కదా!

రెండో ప్రశ్న దగ్గర ఆగుదాం. ఒకే జన్యువులున్న ఇద్దరికీ రక్తం ఒకేలా ఉండాలని మీరూ, మీవారూ, మీ అమ్మగారూ అందరూ అనుకుంటున్నారు. కాబట్టి తేడా కనపడగానే ఎవరిదో తప్పు అయి తీరాలి. అనుకోవడంలోనే పొరపాటుంది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు సరిగ్గా ఇదే తేల్చుకుందామని 105 జతల కవలల రక్తాన్ని పరీక్షించి 2015లో ఫలితాలు ప్రచురించారు. అందరూ ఆరోగ్యవంతులే, 8 ఏళ్ళ పిల్లల నుంచి 82 ఏళ్ళ పెద్దల దాకా. రోగనిరోధక వ్యవస్థలో 204 రకాల కొలతలు తీశారు. వాటిలో 77 శాతం కొలతల్లో మనిషికీ మనిషికీ ఉన్న తేడాకి ప్రధాన కారణం పుట్టుక కాదు, పుట్టాక ఎదురైనవి. చిన్న వయసు కవలల్లో పోలిక ఎక్కువ, వయసు పెరిగేకొద్దీ తక్కువ. సైటోమెగలో వైరస్ అని ఒకటుంది. చాలామందికి ఏ లక్షణమూ లేకుండా ఒంట్లో చేరి జీవితాంతం ఉండిపోతుంది. ఒకే పోలిక కవలల్లో ఒకరికి ఆ వైరస్ ఉండి ఇంకొకరికి లేకపోతే చాలు, సగానికి పైగా కొలతలు అటూ ఇటూ అయిపోయాయి. ఒక్క వైరస్‌కే ఇంత! మీ ఇద్దరి మధ్య పద్నాలుగేళ్ళూ ఒక సముద్రమూ ఉన్నాయి.

ఇక్కడ మీవారికి చెప్పాల్సిన మాట ఒకటుంది. బెల్జియం పరిశోధకులు 670 మంది ఆరోగ్యవంతుల్ని పరీక్షించి 2016లో ఇంకో సంగతి బయటపెట్టారు. ఏ సంబంధమూ లేని ఇద్దరి రోగనిరోధక వ్యవస్థల మధ్య ఉండే తేడాతో పోలిస్తే, ఒకే ఇంట్లో పిల్లల్ని కలిసి పెంచుతున్న భార్యాభర్తల మధ్య తేడా సగమే ఉంది. ఒకే గాలి, ఒకే పళ్ళెం, పిల్లలు మోసుకొచ్చే ఒకే జలుబులు. కాబట్టి మీ పుట్టింటి ఇమ్యూనిటీని వెక్కిరించే ముందు ఆయన కొంచెం ఆలోచించుకోవాలి. ఆయన కణాలు ఈపాటికి మీ కణాల దారి పట్టే ఉంటాయి.

ఇక ఆ స్టార్ గుర్తుల సంగతి. ఐజీఈ పెరిగితే అలర్జీ అని అందరూ అంటారు. అందుకే మీ రిపోర్టులు మీకే తలకిందులుగా కనిపించాయి. 1,100 ఉన్న మీ అక్కకి ఒక్క తుమ్ము లేదు, 160 ఉన్న మీకు వసంతం వస్తే టెన్షన్. ఇందులో వింతేమీ లేదు. ఐజీఈకి, ఇసినోఫిల్స్‌కి అసలు పని పేగుల్లో చేరే నులిపురుగులతో పోరాటం. వట్టి కాళ్ళతో మట్టిలో తిరిగే చోట్ల ఆ పురుగులు వస్తూ పోతూ ఉంటాయి, వాటితోపాటు ఐజీఈ పెరుగుతుంది. అయితే అది దేనికీ ప్రత్యేకంగా గురిపెట్టని ఐజీఈ. పైగా పురుగులు తమ ప్రాణం కాపాడుకోవడానికి మన రోగనిరోధక వ్యవస్థని చల్లబరుస్తాయి. ఐఎల్-10 లాంటి శాంతింపజేసే రసాయనాలూ, అదుపు చేసే టి-కణాలూ పెరిగేలా చేస్తాయి. మీ 160లో మాత్రం కొంత భాగం సూటిగా బిర్చ్ పుప్పొడి కోసమే తయారైంది. అంకె చిన్నదే, గురి ఉంది.

అలాగని పురుగులే మందని అనుకోకండి. ఆ ఆలోచన శాస్త్రవేత్తలకీ వచ్చింది. ఆఫ్రికాలోని గాబన్‌లో పిల్లలకి మళ్ళీ మళ్ళీ నులిపురుగుల మందు ఇచ్చినప్పుడు, అలర్జీ పరీక్షలో డస్ట్ మైట్స్‌కి (ఇంటి దుమ్ములో ఉండే కంటికి కనపడని జీవులకి) వాళ్ళ చర్మం స్పందించడం పెరిగింది. సరే, తిప్పి చూద్దామని డెన్మార్క్‌లో పుప్పొడి అలర్జీ ఉన్నవాళ్ళకి పంది పేగు పురుగు గుడ్లు తాగించారు. 2010లో ఫలితం వచ్చింది, ఉపశమనం సున్నా. పెద్దయ్యాక, అలర్జీ స్థిరపడ్డాక పురుగుల్ని తెచ్చుకుని లాభం లేదన్నమాట.

మీ అక్క ఇసినోఫిల్స్‌ని "పల్లెలో అంతే" అని వదిలేయడమూ సరికాదు. పురుగుల్లో స్ట్రాంగిలాయిడిస్ అనే రకం ఉంది. అది మనిషి ఒంట్లోనే మళ్ళీ మళ్ళీ పిల్లలు పెడుతూ దశాబ్దాల పాటు ఉండగలదు. ఉన్నన్నాళ్ళూ పెద్దగా బాధించకపోవచ్చు. కానీ ఎప్పుడైనా వేరే జబ్బుకి స్టెరాయిడ్లు వాడాల్సి వస్తే ఒళ్ళంతా పాకి ప్రాణం మీదికి తెస్తుంది. మల పరీక్ష, అవసరమైతే ఈ పురుగుకి ప్రత్యేకంగా చేసే రక్తపరీక్ష, ఆ తర్వాత డాక్టరు చెప్పిన మాత్రలు. అంతటితో పోయేదానికి అంత రిస్కు ఎందుకు? పల్లెలో మీరూ పెరిగారు కాబట్టి మీ డాక్టరుకి కూడా ఆ సంగతి చెప్పి ఉంచండి.

స్టార్ గుర్తు గురించి ఇంకో ముక్క. రిపోర్టులో 'నార్మల్' అని రాసే హద్దులు ఆకాశం నుంచి దిగలేదు. ఎక్కడో కొంతమంది ఆరోగ్యవంతుల రక్తం తీసి, ఎక్కువమంది ఏ అంకెల మధ్య ఉన్నారో చూసి గీసిన గీతలవి. డఫీ అనే ప్రోటీన్ ఎర్ర కణాల మీద లేని వాళ్ళు ఆఫ్రికాలోనూ అరేబియాలోనూ చాలామంది ఉన్నారు. వైవాక్స్ రకం మలేరియా నుంచి ఆ లేకపోవడమే వాళ్ళని కాపాడింది. వాళ్ళ రక్తంలో న్యూట్రోఫిల్స్ (సూక్ష్మజీవులతో పోరాడే తెల్ల కణాలు) సహజంగానే తక్కువ కనిపిస్తాయి. అయినా వాళ్ళు జబ్బులతో పోరాడటంలో ఎవరికీ తీసిపోరు. వేరే జనాన్ని చూసి గీసిన గీతతో కొలిచి, వాళ్ళకి ఏళ్ళ తరబడి అక్కర్లేని పరీక్షలు చేశారు, కొందరికి అవసరమైన మందులు ఆపేశారు కూడా. గీత దాటిన ప్రతి అంకే జబ్బు కాదు, గీత లోపల ఉన్న ప్రతి అంకే భరోసా కాదు.

ఇప్పుడు చోటు సంగతి. మీ మనసులో పల్లె ఒక మందులా, నగరం ఒక విషంలా స్థిరపడిపోయాయి. అందుకే రెండేళ్ళ కోర్సు వాడదామన్నట్టు రాశారు. చోటు మనిషి రక్తాన్ని మారుస్తుందన్నది నిజమే. మొరాకోలో అమాజిగ్ ప్రజల్లో ఎడారి సంచారులు, కొండ రైతులు, తీరపు నగరవాసులు ఈ మూడు గుంపుల తెల్ల రక్తకణాల్ని పోల్చారు. జన్యువులు చాలావరకు ఒకటే, కానీ పనిచేసే తీరులో మూడో వంతు దాకా జన్యువులకి తేడా వచ్చింది. ఫిన్లాండ్‌కీ రష్యాకీ మధ్య కరేలియా ప్రాంతం ఇంకా విచిత్రం. సరిహద్దుకి అటూ ఇటూ ఉన్న జనానికి వంశపరంగా దగ్గర పోలికలున్నాయి, వాతావరణమూ ఒకటే. అయినా పిల్లలకి వచ్చే టైప్ 1 డయాబెటిస్ ఫిన్లాండ్ వైపు ఆరు రెట్లు ఎక్కువ. అలర్జీలూ అటే ఎక్కువ. శుభ్రంగా, సంపన్నంగా ఉన్న వైపే పిల్లల ఒళ్ళు తమ మీద తామే తిరగబడుతున్నాయి.

ఇది చదివి పెట్టె సర్దేయకండి. రష్యా వైపు పిల్లల్లో హెపటైటిస్ ఎ, కడుపులో పుండ్లకి కారణమయ్యే హెలికోబాక్టర్ లాంటివి ఎక్కువ. ఒక చోటు ఇచ్చేదంతా ఒకే మూటలో వస్తుంది, అందులోంచి మంచిది మాత్రమే ఏరుకోవడం కుదరదు. టీకాల విషయంలోనూ అంతే. పసుపు జ్వరం టీకాని ఉగాండాలోనూ స్విట్జర్లాండ్‌లోనూ వేసి చూస్తే, ఉగాండా వాళ్ళలో స్పందన తక్కువగా వచ్చింది. వాళ్ళ రోగనిరోధక వ్యవస్థ అప్పటికే ఎన్నిటితోనో పోరాడి ఉంది. పిల్లల విరేచనాల్ని ఆపే రోటావైరస్ టీకా కూడా పేద దేశాల్లో అంత గట్టిగా పనిచేయదు. ఎక్కువ సూక్ష్మజీవుల్ని చూసిన ఒళ్ళు గట్టిదని పెద్దవాళ్ళంటారు. కొన్నిటికి గట్టిదే, కొన్నిటికి అలసిపోయినది.

ఇంకా చెప్పాలంటే 'పల్లె' అన్న మాటకే ఒక అర్థం లేదు. అమెరికాలో ఆమిష్, హటరైట్ అని రెండు వ్యవసాయ సమాజాలున్నాయి. ఇద్దరి పూర్వీకులూ యూరప్ నుంచి వచ్చినవాళ్ళే, ఇద్దరూ పెద్ద కుటుంబాలే, ఇద్దరికీ పశువులున్నాయి. ఆమిష్ పిల్లల్లో ఉబ్బసం సుమారు 5 శాతం, హటరైట్ పిల్లల్లో 21 శాతం. ఆమిష్‌వాళ్ళు పాత పద్ధతిలో సొంత కొట్టాల్లో పాడి చేస్తారు, పిల్లలు ఇంటి పక్కనే పశువుల మధ్య తిరుగుతారు. హటరైట్‌లవి యంత్రాలతో నడిచే పెద్ద ఫారాలు, ఇళ్ళకి దూరం. ఆమిష్ ఇళ్ళలోని దుమ్ముని ఎలుకల ముక్కుల్లో వేస్తే ఉబ్బసం తగ్గింది. హటరైట్ దుమ్ముకి ఆ గుణం లేదు. మీరు ఆరేళ్ళప్పుడు ఆడుకున్న కొట్టం ఇప్పుడు ఎలా ఉందో నాకు తెలియదు. మీరు మాత్రం ఒకసారి కళ్ళతో చూసి రావాలి. మీరు తిరిగి వెళ్దామనుకుంటున్నది ఆ కొట్టంలోకే తప్ప పల్లె పేరున్న ఏదో ఒక చోటికి కాదు కదా.

వెళితే ఏమవుతుంది? మీ విషయంలో బిర్చ్ చెట్లు లేని చోట తుమ్ములు తగ్గడం ఖాయంలాంటిదే. కానీ అలర్జీ జ్ఞాపకం ఒంట్లోంచి పోదు, తిరిగొస్తే వసంతంలో పలకరిస్తుంది. అలర్జీ ధోరణి ఉన్న ఒళ్ళు కొత్త చోట కొత్త పుప్పొడిని పట్టుకునే అవకాశమూ ఉంది. మీకు జరిగింది కూడా అదే మరి. ఆసియా నుంచి మెల్‌బోర్న్‌కి వలస వెళ్ళినవాళ్ళని గమనిస్తే, అక్కడ గడిపిన ఏళ్ళు పెరిగేకొద్దీ పుప్పొడి అలర్జీలూ ఉబ్బసమూ పెరిగాయి. తొలి నాలుగేళ్ళు మీకేమీ కాకపోవడం చాలామందికి జరిగేదే.

పాప విషయంలో కాలం కొంచెం ఎదురు తిరిగింది. ఆస్ట్రియా, జర్మనీ, స్విట్జర్లాండ్ పల్లెల్లో పిల్లల్ని పరిశీలించినప్పుడు పశువుల కొట్టం వల్ల ఎక్కువ రక్షణ దొరికింది పుట్టిన మొదటి ఏడాదిలోపే అందులో తిరిగినవాళ్ళకి. తల్లి గర్భంతో ఉండగా కొట్టంలో పనిచేయడమూ కలిసొచ్చింది. మూడేళ్ళ పిల్లకి ఆ తలుపు పూర్తిగా మూసుకుపోయిందని అనలేను, అప్పుడున్నంత వెడల్పుగా మాత్రం లేదు. దీనికోసం తల్లి ఉద్యోగం పోవాలా, తండ్రికి రెండేళ్ళు దూరం కావాలా? ఈ లెక్క మీరూ మీవారూ కూర్చుని తేల్చుకోవాల్సినదే. నన్నడిగితే, అలర్జీ ఒక్కటే కారణమైతే అంత ధర పెట్టనంటాను. అమ్మమ్మ, పెద్దమ్మ, మీ భాష, ఆటలాడుకునే నేల పాపకి కావాలన్నదే అసలు కారణమైతే, ఆ మాటే మీవారితో అనండి. రక్తపరీక్షని సాక్ష్యానికి పిలవొద్దు.

ఉండిపోతే ఏమీ చేయలేమా అంటే, చేయొచ్చు. ఫిన్లాండ్‌లో కొన్ని శిశు సంరక్షణ కేంద్రాల్లో రాళ్ళు పరిచిన ఆవరణలోకి అడవి మట్టి, గడ్డి, మొక్కల తొట్లు తెచ్చి పెట్టారు. మూడు నుంచి ఐదేళ్ళ పిల్లలు రోజూ అందులో ఆడారు. 28 రోజులకే వాళ్ళ చర్మం మీద సూక్ష్మజీవుల వైవిధ్యం పెరిగింది, రక్తంలో రోగనిరోధక వ్యవస్థని శాంతపరిచే వైపు సంకేతాలు కనపడ్డాయి. దీనివల్ల అలర్జీలు ఆగిపోతాయని ఆ అధ్యయనం చెప్పలేదు. కానీ మీ పాప వయసూ సరిగ్గా అదే, మీ నగరంలోనూ మట్టి ఉండే ఉంటుంది. తిండి కూడా చోటులో భాగమే. టాంజానియాలో కిలిమంజారో ప్రాంతపు పల్లెవాసులకి రెండే రెండు వారాలు పాశ్చాత్య తిండి పెడితే రక్తంలో వాపుని పెంచే ప్రోటీన్లు పెరిగాయి. నగరవాసులకి పీచు ఎక్కువున్న సంప్రదాయ తిండి పెడితే అవి తగ్గాయి. 2025లో వచ్చిన ఫలితమిది. కొన్ని మార్పులు నాలుగు వారాల తర్వాత కూడా నిలిచాయి. ఇల్లు మారకుండానే మారేవి ఇన్ని ఉన్నాయి. పచ్చి పాలు మాత్రం పాపకి పట్టకండి. అలర్జీ తగ్గిస్తాయని ఎక్కడో చదివే ఉంటారు, వాటితో వచ్చే జబ్బులు చిన్నపిల్లలకి ప్రమాదం.

మీ తుమ్ములకి మందులున్నాయి. చెట్లు పూయడానికి ముందే మొదలుపెట్టే ముక్కు స్ప్రే, నిద్ర పట్టించని అలర్జీ మాత్రలు, ఇంకా శాశ్వతంగా చూసుకోవాలంటే మూడేళ్ళ పాటు కొంచెం కొంచెంగా అదే పుప్పొడిని ఒంటికి అలవాటు చేసే చికిత్స. మందు లేకుండా భరించడం మీకు మీరే వేసుకున్న శిక్షలా ఉంది.

మూడో దారి కూడా ఉంది, మీ ఉత్తరంలో దాని ఊసే లేదు. ఏటా సెలవుల్లో నెలో, ఆరు వారాలో ఊళ్ళో గడపడం. దానివల్ల అలర్జీ రాకుండా ఆగుతుందని హామీ ఇవ్వలేను. మీవారికి మాత్రం రెండేళ్ళ కంటే ఒప్పుకోవడం తేలిక. ఇక్కడ జాగ్రత్తలు కావాలి. "సొంత ఊరే కదా" అనుకుని వెళ్ళే వలసవాళ్ళే, పర్యాటకుల కంటే ఎక్కువగా టైఫాయిడ్, మలేరియా తెచ్చుకుంటారు, ఎందుకంటే టీకాలూ మాత్రలూ తమకి అక్కర్లేదనుకుంటారు. చిన్నప్పుడు ఒంటికి అలవాటైన రక్షణ ఊరు విడిచాక కరిగిపోతుంది. పాపకైతే అది మొదటినుంచీ లేదు. మీ మొదటి వారం విరేచనాలకి కారణం కూడా ఇదే. పేగుల్లోని సూక్ష్మజీవుల గుంపు చోటుతో మారిపోతుంది. థాయ్‌లాండ్ నుంచి అమెరికాకి వచ్చిన హ్మోంగ్, కరెన్ తెగల మహిళల్లో ఈ మార్పు నెలల్లోనే మొదలైంది. పద్నాలుగేళ్ళకి మీ పేగులు పరదేశివి అయిపోవడంలో మీ తప్పేముంది? కాచి చల్లార్చిన నీళ్ళు తాగండి, బయల్దేరడానికి నెలన్నర ముందు డాక్టరుని కలవండి.

ఇక మీ అక్క. జబ్బుల పుట్ట అన్న మాట ఆవిడని ఎంత గుచ్చిందో, పుట్టిన ఊరి నీళ్ళు పడవన్న మాట మిమ్మల్ని అంతే గుచ్చింది. మాట అన్నది మీవారు కాబట్టి క్షమాపణ ఆయన చెబితేనే బాగుంటుంది, ఆయన కోసం ఎదురుచూస్తూ ఇంకో ఐదు నెలలు గడపకండి. ఫోన్ చేయడానికి ఏ వంకా దొరకడం లేదని రాశారు. ఆ ఇసినోఫిల్స్‌కి మల పరీక్ష చేయించుకోమని ఆవిడకి ఇప్పటిదాకా ఎవరూ చెప్పి ఉండరు.